ఇంకా సీడీలే ఎందుకు వింటున్నారు? తరచుగా అడిగే ప్రశ్నలు

జేబులో ఫోన్, ఫోన్‌లో కోట్ల పాటలు. అయినా కొందరు డబ్బా తెరిచి, డిస్క్ తీసి, ట్రేలో పెట్టి, మూత పడేదాకా ఆగి పాట వింటారు. వాళ్లను చూసి ఆశ్చర్యపోయేవాళ్లు అడిగే ప్రశ్నలు, కొత్తగా సీడీల వైపు వస్తున్నవాళ్లు అడిగే ప్రశ్నలు కలిపి ఇక్కడ రాస్తున్నాను. సీడీ వినడం నాకు ఇష్టం కాబట్టి నా మొగ్గు ఎటో దాచను. అలాగని లేని గొప్పలు అంటగట్టను.

అన్ని పాటలూ ఫోన్‌లో దొరుకుతుంటే సీడీతో పనేముంది?

దొరకడం వేరు, ఉండటం వేరు. యాప్‌లో కనిపించే పాట మీది కాదు. చందా కట్టినన్నాళ్లు వినే అనుమతి మాత్రమే మీది. ఆ యాప్‌కూ మ్యూజిక్ కంపెనీకీ మధ్య ఒప్పందం ముగిస్తే ఆల్బమ్ మొత్తం రాత్రికి రాత్రే మాయమవుతుంది. ప్లేలిస్టులో పాట పేరు బూడిదరంగులోకి మారి, నొక్కినా పలకకపోవడం చాలామంది చూసే ఉంటారు.

అంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. పాట అక్కడే ఉంటుంది, అట్ట బొమ్మ కూడా అదే, కానీ లోపలి రికార్డింగ్ మారిపోయి ఉంటుంది. పాత మాస్టర్ (విడుదలకు సిద్ధం చేసిన తుది రికార్డింగ్) తీసేసి, మళ్లీ సర్ది చేసిన రీమాస్టర్ పెడతారు. ఒక్కోసారి ఒరిజినల్ పాట బదులు తర్వాత ఎప్పుడో మళ్లీ పాడి రికార్డు చేసింది ఉంటుంది. మీకు ఎవరూ చెప్పరు. "ఇదివరకు ఇలా లేదే" అని చెవికి అనిపించినా, పోల్చి చూసుకోవడానికి పాతది చేతిలో ఉండదు.

1985లో అచ్చయిన సీడీలో ఆనాడు ఏ అంకెలు పడ్డాయో ఈనాడూ అవే ఉన్నాయి. దాన్ని ఎవరూ దూరం నుంచి మార్చలేరు, తీసేయలేరు. సీడీ వినేవాళ్లను కారణం అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు గానీ, నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కారణం ఇదే.

సీడీ సౌండ్ నిజంగా స్ట్రీమింగ్ కన్నా బాగుంటుందా?

ఏ స్ట్రీమింగ్‌తో పోలుస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. సీడీలో ధ్వనిని కుదించరు. సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని ఎత్తును క్షణక్షణం కొలిచిన అంకెలు), ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు, ఎడమకీ కుడికీ విడివిడిగా. కలిపితే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. ఎంపీ3 లాంటి ఫార్మాట్లు అందులోంచి చెవి పట్టుకోదనుకున్న భాగాన్ని తీసేసి 320కో, 128కో, ఇంకా తక్కువకో దించుతాయి. 320 దగ్గర చాలామందికి తేడా తెలియదు, ఆ మాట ఒప్పుకోవాలి. 128కి దిగితే మాత్రం తాళాల మోత, చప్పట్ల శబ్దం నీళ్లలో నానినట్టు అయిపోతుంది.

ఇప్పుడు ఏమీ తీసేయకుండా, లాస్‌లెస్‌గా పంపే సర్వీసులూ వచ్చాయి. ఆపిల్ మ్యూజిక్ 2021లో, స్పాటిఫై 2025లో మొదలుపెట్టాయి. ఒకే మాస్టర్ నుంచి వచ్చిన లాస్‌లెస్ ఫైల్‌కీ సీడీకీ అంకెల్లో తేడా ఉండదు. "సీడీలో ఏదో వేరే మహత్తు ఉంది" అని ఎవరన్నా నమ్మకండి. కాకపోతే ఆ లాస్‌లెస్ పాటను బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో వింటుంటే, బ్లూటూత్ దాన్ని దాదాపు ఎప్పుడూ మళ్లీ కుదించే పంపుతుంది. సీడీ ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్‌కి వైరు వేసి వినేవాళ్లకు ఆ బెడద లేదు. "నా సీడీ ఫోన్ కన్నా బాగా పలుకుతోంది" అనేవాళ్లలో ఎక్కువమంది నిజానికి మంచి స్పీకర్లకీ చిన్న ఇయర్‌ఫోన్లకీ మధ్య తేడాను వింటున్నారు.

మరి అదే ఆల్బమ్ పాత సీడీలో ఒకలా, యాప్‌లో ఒకలా ఎందుకు వినిపిస్తుంది?

ఈ ప్రశ్నకు కాస్త ఓపిగ్గా జవాబు చెప్పుకోవాలి. అసలు విషయం ఇక్కడే ఉంది.

తేడా ఫార్మాట్‌లో లేదు, మాస్టరింగ్‌లో, అంటే ఆ తుది రికార్డింగ్‌ను సిద్ధం చేసిన తీరులో ఉంది. డిజిటల్ ధ్వనికి ఒక పైకప్పు ఉంటుంది. ఎంత పెద్ద శబ్దమైనా ఆ గరిష్ఠ అంకెను దాటలేదు. సీడీలు వచ్చిన తొలి ఏళ్లలో ఇంజినీర్లు చాలావరకు ఆ పైకప్పు కింద ఖాళీ వదిలేవారు. గొంతు మామూలు ఎత్తులో ఉండేది. డ్రమ్ మీద కర్ర పడిన క్షణం మాత్రం అంకె ఒక్కసారిగా పైకి లేచి, వెంటనే పడిపోయేది. ఆ లేవడమే మన ఛాతీకి తగిలే దెబ్బ.

1990లు వచ్చేసరికి, పక్క పాటకన్నా మన పాట గట్టిగా వినపడాలన్న పోటీ ముదిరింది. పైకప్పు పెంచలేరు కాబట్టి శిఖరాలను నరికి, మిగిలినదంతా పైకి లేపారు. దీన్నే లౌడ్‌నెస్ వార్ అంటారు. కంప్యూటర్లో పాత సీడీ పాటను తెరిచి చూస్తే పల్చటి గీత మధ్య మధ్య నిటారుగా లేచే పుల్లలు కనిపిస్తాయి. గట్టిగా చేసిన రీమాస్టర్‌ను తెరిస్తే మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంతో దిమ్మలా ఉంటుంది. మొదటి నిమిషంలో "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో" అనిపిస్తుంది. అరగంటకు తల బరువెక్కుతుంది. చెవికి ఊపిరాడే చోటు ఎక్కడా ఉండదు.

ఇప్పుడు స్ట్రీమింగ్ సర్వీసులు అన్ని పాటల వాల్యూమునూ ఒకే స్థాయికి తెస్తున్నాయి కదా అంటారు. నిజమే, చాలా సర్వీసులు గట్టి పాటను తగ్గించి వినిపిస్తాయి. కానీ నరికేసిన శిఖరం వాల్యూము తగ్గించినంత మాత్రాన తిరిగి మొలవదు. అందుకే పాత మాస్టర్ కావాలనుకునేవాళ్లు ఆ తొలి ఏళ్లలో వచ్చిన సీడీ కోసమే వెతుకుతారు.

పాతదంతా బంగారమని కూడా అనలేం. తొలినాళ్ల సీడీల్లో కొన్నిటిని ఒరిజినల్ టేపు వెతకకుండా, ఎల్‌పీ (ముల్లుతో పాడే పెద్ద ప్లాస్టిక్ రికార్డు) కోసం సర్దిన కాపీ టేపు నుంచే చేసేశారు. అవి పేలవంగా ఉంటాయి. శ్రద్ధగా చేసిన రీమాస్టర్ వాటికన్నా ఎన్నో రెట్లు నయం. ఆల్బమ్‌కో తీర్పు చెప్పుకోవాల్సిందే.

44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ సరిపోతాయా? ఇప్పుడు 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అంటున్నారుగా?

వినడానికి సరిపోతాయి. మనిషి చెవి పట్టగలిగేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, అదీ వయసులో ఉన్నప్పుడు. శాంప్లింగ్ వేగంలో సగం వరకు ఉన్న పౌనఃపున్యాలను తిరిగి పూర్తిగా రాబట్టవచ్చన్నది గణితం. 44,100లో సగం 22,050. అంటే చెవి హద్దు దాటాక కూడా కాస్త మిగులుంది. అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 16 బిట్లు ఇచ్చే వ్యత్యాసం దాదాపు 96 డెసిబెల్స్. ఇంట్లో ఫ్యాన్ శబ్దం, వీధి చప్పుడు మధ్య దాన్నంతా వాడుకునే వీలే ఉండదు. 24 బిట్లు స్టూడియోలో రికార్డు చేసేవాళ్లకు, మిక్స్ చేసేవాళ్లకు నిజంగా అవసరం. అక్కడ పదేపదే లెక్కలు వేస్తారు, లెవెల్ ఎక్కువ తక్కువలకు చోటు ఉండాలి.

44,100 అన్న విచిత్రమైన అంకె ఎక్కడిదని కూడా అడుగుతుంటారు. ఆ రోజుల్లో అంత డిజిటల్ సమాచారాన్ని నిల్వ చేయగలిగింది వీడియో టేపు ఒక్కటే. బొమ్మ గీతల్లో ధ్వని అంకెలను దాచేవారు. ఒక్కో గీతకు 3 శాంపిళ్లు, ఫీల్డుకు (టీవీ బొమ్మలో సగానికి) వాడుకోగల గీతలు 245, సెకనుకు 60 ఫీల్డులు. గుణిస్తే 44,100. యూరప్ టీవీ పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డులు వేసినా అదే అంకె వస్తుంది. రెండు పద్ధతులకూ కలిసింది కనుక అదే స్థిరపడింది.

సీడీ ఎవరు తెచ్చారు, ఎప్పుడు?

ఫిలిప్స్, సోనీ కలిసి తయారు చేశాయి. రెడ్ బుక్ అని పిలిచే ప్రమాణం 1980లో ఖరారైంది. మొదటి ప్లేయర్ సోనీ సీడీపీ-101 1982 అక్టోబరు 1న జపాన్ మార్కెట్లోకి వచ్చింది. ఈ రోజు అచ్చయిన ఆడియో సీడీని ఆ మొదటి ప్లేయర్‌లో పెట్టినా పాడాలి. ఎలక్ట్రానిక్స్‌లో ఇంతకాలం మాట నిలబెట్టుకున్న ప్రమాణాలు చాలా తక్కువ.

గీతలు పడిన సీడీ కూడా ఎలా పాడుతుంది?

డిస్క్ వెడల్పు 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పారదర్శకమైన పాలీకార్బొనేట్ ప్లాస్టిక్కే. దాని పై ముఖాన కంటికి కనపడనంత చిన్న గుంతలు ఒకే సుడిగా, లోపలి నుంచి బయటికి తిరుగుతూ ఉంటాయి. సుడి ఒక చుట్టుకూ తర్వాతి చుట్టుకూ ఎడం 1.6 మైక్రోమీటర్లు. ఆ సుడిని విప్పి సాగదీస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది. గుంతల మీద పల్చటి అల్యూమినియం పూత, దాని మీద లక్క పూత, ఆ పైన లేబుల్ అచ్చు. లేజర్ కింది నుంచి ప్లాస్టిక్ గుండా వెళ్లి అల్యూమినియం మీద పడి తిరిగొస్తుంది.

ఇందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. లేజర్ కిరణం ప్లాస్టిక్‌లోకి దిగే చోట సుమారు 0.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. గుంతల దగ్గరికి చేరేసరికి 2 మైక్రోమీటర్ల లోపుకు కేంద్రీకృతమవుతుంది. కాబట్టి కింది ముఖం మీద ఉన్న దుమ్ము రేణువు, సన్నటి గీత లేజర్‌కు మసకగా ఉండిపోతాయి. చాలావాటిని అసలు పట్టించుకోదు.

పట్టించుకోవాల్సి వస్తే రెండో రక్షణ ఉంది. పాటలోని శాంపిళ్లను వరుసగా కాక, చెదరగొట్టి దూరదూరంగా రాస్తారు. వాటితో పాటు సరిచూసుకునే అదనపు అంకెలూ రాస్తారు. ఒకచోట ట్రాక్ దెబ్బతింటే పోయినవి పక్కపక్క శాంపిళ్లు కావు, అక్కడక్కడా ఒక్కొక్కటి మాత్రమే. వాటిని అదనపు అంకెలతో లెక్కకట్టి యథాతథంగా తిరిగి రాబడుతుంది ప్లేయర్. ట్రాక్ వెంట దాదాపు 2.5 మిల్లీమీటర్ల మేర సమాచారం పూర్తిగా పోయినా ఒక్క బిట్ తేడా లేకుండా వినిపించగలదు. అది కూడా మించితే అటూ ఇటూ ఉన్న శాంపిళ్లను చూసి మధ్యది ఊహించి పూడుస్తుంది. ఊహకూ అందకపోతే ఆ క్షణం నిశ్శబ్దం చేస్తుంది. లేజర్ దారే తప్పితే అప్పుడు మనకు తెలిసిన "టిక్ టిక్ టిక్" ఎగరడం మొదలవుతుంది. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు 1960లో ప్రచురించిన గణితం దీనికి పునాది. మన పాటలు గీతలను తట్టుకుంటున్నది ఆ గణితం చలవతోనే.

సీడీని ఎలా తుడవాలి?

గుండ్రంగా తుడవకండి. మెత్తటి పొడిగుడ్డతో మధ్య రంధ్రం దగ్గర మొదలుపెట్టి అంచు వైపు సూటిగా తుడవాలి. కారణం పైన చెప్పినదే. గుడ్డలో ఇసుక రేణువు ఉండి గీత పడిందనుకుందాం. ఆ గీత మధ్య నుంచి అంచుకు ఉంటే, సుడిలోని ఒక్కో చుట్టునూ అడ్డంగా కాస్త మాత్రమే కోస్తుంది. ప్లేయర్ సర్దుకుంటుంది. గుండ్రటి గీత అయితే ట్రాక్ వెంటే పోయి ఒకే చోట సమాచారాన్ని బారుగా మింగేస్తుంది. వేలిముద్రలు పోకపోతే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి కడిగి ఆరబెట్టవచ్చు. థిన్నర్, పెట్రోల్ లాంటివి ప్లాస్టిక్‌ను తెల్లబరుస్తాయి, వాటి జోలికి పోవద్దు.

మెరిసే వైపు జాగ్రత్తగా చూసుకుంటే చాలు కదా?

చాలదు, అసలు జాగ్రత్త లేబుల్ వైపే కావాలి. మెరిసే వైపు పాటకు కాపలాగా మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ ఉంది. లేబుల్ వైపు పల్చటి లక్క పూత, అచ్చు సిరా తప్ప ఏమీ లేదు. బాల్‌పెన్నుతో పేరు రాసినా, స్టిక్కర్ అంటించి పీకినా అల్యూమినియం లేచి వస్తుంది. అది పోతే పాట పోయినట్టే. కింది వైపు గీతను పాలిష్ చేసి బాగుచేయవచ్చు, ఈ దెబ్బకు మాత్రం మందు లేదు.

సీడీలు ఎన్నేళ్లు ఉంటాయి?

ఫ్యాక్టరీలో సరిగ్గా అచ్చయినవి దశాబ్దాలు ఉంటాయి. 1980ల డిస్కులు ఇప్పటికీ చక్కగా పాడుతున్నాయి. పాడైనవీ లేకపోలేదు. లక్క పూత సరిగ్గా లేని డిస్కుల్లో గాలి తగిలి అల్యూమినియం పాడవుతుంది. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో 1988 నుంచి 1993 మధ్య అచ్చయిన కొన్ని డిస్కులు అంచు నుంచి లోపలికి కంచురంగు తిరిగి చెడిపోవడం పేరుపొందిన ఉదంతం. అట్టపెట్టెలోని కాగితంలో ఉండే గంధకాన్ని ఆ లక్క ఆపలేకపోయింది.

ఇంట్లో కంప్యూటర్‌పై రాసుకున్న సీడీ-ఆర్‌ల సంగతి వేరు. వాటిలో గుంతలు ఉండవు, రంగు పొర ఉంటుంది. ఎండకు ఆ రంగు వెలుస్తుంది. ఎంతో ఇష్టంగా దాచుకున్న రికార్డింగ్ సీడీ-ఆర్‌లో మాత్రమే ఉంటే ఈ వారమే ఇంకోచోటికి కాపీ చేసుకోండి.

అంత ఇష్టమైతే ఎల్‌పీ రికార్డులే వినొచ్చుగా?

వినొచ్చు, అట్ట పెద్దది, అందమే వేరు. కానీ ముల్లు రాసుకుంటూ పోయే ప్రతిసారీ గాడి కొంచెం అరుగుతుంది. మధ్యకు వచ్చేకొద్దీ ధ్వని నలుగుతుంది, ఇరవై నిమిషాలకోసారి లేచి తిప్పాలి. సీడీని తాకేది వెలుగు మాత్రమే. వెయ్యోసారి విన్నా మొదటిసారి విన్నట్టే ఉంటుంది. చాలా నెమ్మదిగా సాగే సంగీతం, నిశ్శబ్దానికి విలువున్న సంగీతం వినేవాళ్లకు చిటపటలు లేని సీడీయే నా సలహా.

ఆల్బమ్ మొత్తం వరుసగా వినడంలో ప్రత్యేకత ఏముంది?

ఏ పాట తర్వాత ఏది రావాలో, మధ్య ఎన్ని క్షణాలు మౌనం ఉండాలో ఎవరో కూర్చుని ఆలోచించారు. కచేరీ రికార్డింగుల్లో చప్పట్లు ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌లోకి తెగకుండా పారాలి. సీడీలో పారతాయి. కొన్ని సీడీల్లో మొదటి ట్రాక్‌కన్నా ముందు ఒక దాగిన పాట ఉంటుంది. మొదటి ట్రాక్ మొదలవగానే వెనక్కి నడిపితేనే అది బయటపడుతుంది. యాప్‌లోకి అలాంటివి చాలాసార్లు చేరనే చేరవు.

సీడీ డబ్బాలో వచ్చే చిన్న పుస్తకం సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. ఏ పాటకు వయొలిన్ ఎవరు, ఏ స్టూడియో, మిక్స్ చేసిందెవరు అన్నవి చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఒక వయొలిన్ ముక్క నచ్చి, వాయించిన మనిషి పేరు చూసి, ఆ పేరు పట్టుకుని ఇంకో ఆల్బమ్‌కి వెళ్లడం ఎంత ఆనందమో వెళ్లినవాళ్లకు తెలుసు. యాప్‌లు పాడినవాళ్ల పేరు దగ్గరే ఆగిపోతుంటాయి. వాద్యకారుల పట్ల అది అన్యాయమని నా అభిప్రాయం.

ఇంకొకటి, సీడీ ప్లేయర్‌కు మెసేజ్‌లు రావు. నలభై నిమిషాలు పాట తప్ప ఇంకేమీ మిమ్మల్ని పిలవదు.

అన్నీ రిప్ చేసుకుని డిస్కులు ఇచ్చేయకూడదా?

రిప్, అంటే డిస్కులోని పాటలను కంప్యూటర్లోకి ఫైళ్లుగా కాపీ చేయడం, తప్పకుండా చేసుకోండి. ఫ్లాక్ ఫార్మాట్‌లో చేస్తే ఒక్క బిట్ కూడా పోదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రాములు అనుమానం వచ్చిన చోటును మళ్లీ మళ్లీ చదివి, అదే డిస్కును ఇతరులు రిప్ చేసిన ఫలితంతో సరిపోల్చి చెబుతాయి. తొలి ఏళ్ల డిస్కుల్లో కొన్నిటిని ప్రీ-ఎంఫసిస్ అనే పద్ధతిలో పైస్థాయి ధ్వనులు పెంచి అచ్చేశారు. ప్లేయర్ దాన్ని తనంతట తాను సరిచేస్తుంది, రిప్పులో ఆ పని జరగకపోవచ్చు. రిప్ చేసిన పాట అకారణంగా పదునుగా, గీరుకున్నట్టు ఉంటే అనుమానించాల్సింది దాన్నే.

డిస్కులు మాత్రం ఉంచుకోమంటాను. హార్డ్ డిస్కులు చెప్పకుండా చస్తాయి. పైగా సొంత కాపీ చేసుకునే హక్కు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది, డిస్క్ చేతిలో ఉండటమే న్యాయం.

ఒక హెచ్చరిక. 2000ల తొలి ఏళ్లలో కాపీ కాకుండా తాళం వేసిన డిస్కులు కొన్ని వచ్చాయి. 2005లో సోనీ బీఎంజీ సీడీలు కంప్యూటర్లో రహస్యంగా సాఫ్ట్‌వేర్ దించుతున్నాయని బయటపడి, వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ కాలం డిస్క్ కంప్యూటర్లో పెట్టేముందు ఆటో-రన్ (డిస్కులోని ప్రోగ్రాము తనంతట తానే మొదలయ్యే ఏర్పాటు) ఆపేయండి.

ప్లేయర్ ఏది కొనాలి?

ముందు ఇంట్లో వెతకండి. మూలన పడున్న డీవీడీ ప్లేయర్ సీడీ కూడా పాడుతుంది. దాని డిజిటల్ అవుట్‌పుట్ నుంచి మంచి డాక్‌కు (అంకెలను ధ్వని సంకేతంగా మార్చే పరికరానికి) వైరు వేస్తే ఖరీదైన ప్లేయర్‌కు ఏమీ తీసిపోదు. పాత ప్లేయర్ ట్రే తెరుచుకోకపోతే వెంటనే పారేయకండి. చాలాసార్లు లోపలి రబ్బరు బెల్టు వదులై ఉంటుంది, అంతే. డిస్క్ పట్టుకోకపోతే లెన్సు మీద దుమ్ము ఉందేమో చూడాలి. లేజరే బలహీనపడితే మాత్రం విడిభాగం దొరకడం కష్టం.

వాడిన సీడీ కొనేటప్పుడు ఏం చూడాలి?

డిస్కును దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని లేబుల్ వైపు నుంచి చూడండి. చుక్కల్లాంటి వెలుగు కనిపిస్తే అక్కడ అల్యూమినియం లేదు. కింది వైపు పచ్చగానో నీలంగానో ఉంటే అది అచ్చయిన సీడీ కాకపోవచ్చు, ఎవరో రాసిన సీడీ-ఆర్. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న చిన్న అక్షరాలు, అంకెలు చదవండి. ఏ ఫ్యాక్టరీ, ఏ మాస్టర్ అన్నది పోల్చుకోవడానికి అవే ఆధారం. రెండు డిస్కుల అట్ట ఒకటే అయినా అక్కడి అంకెలు వేరుగా ఉంటే ధ్వని కూడా వేరు కావచ్చు.

సీడీతో ఇబ్బందులే లేవా?

ఉన్నాయి. చోటు కావాలి. ఒక డిస్కులో 74 నుంచి 80 నిమిషాలే పడతాయి. కొత్త కార్లలో, ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఉండటం లేదు. ప్రయాణంలో పాటలు కావాలన్నా, తెలియని సంగీతాన్ని రుచి చూడాలన్నా స్ట్రీమింగ్‌కు సాటి లేదు, నేనూ అందుకే వాడతాను. అక్కడ విని, పదేళ్ల తర్వాత కూడా వింటాననిపించినది సీడీగా కొనుక్కుంటాను. కళాకారుల దగ్గరే నేరుగా దొరికితే అక్కడే కొనడం మంచిది, మధ్యవాళ్లు తగ్గుతారు.

కొత్తగా మొదలుపెట్టాలంటే ఏ సీడీతో?

కంఠతా వచ్చిన ఆల్బమ్‌తో. దాని మొదటి విడుదల సీడీ వెతికి తెచ్చుకోండి. యాప్‌లో ఉన్నదాన్నీ దీన్నీ ఒకే స్పీకర్ల మీద, వాల్యూములు చెవికి సమానంగా సర్దుకుని, ఒకదాని వెంట ఒకటి వినండి. సమానం చేయడం మరవొద్దు. కొంచెం గట్టిగా ఉన్నదే ఎప్పుడూ బాగుందనిపిస్తుంది. తేడా వినపడకపోతే మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు, యాప్‌లో ఉన్నదీ మంచి మాస్టరేనని తేలుతుంది. వినపడితే తర్వాత ఏ డిస్కు వెతకాలో మీకే తెలుస్తుంది.